గ్రహాంతర ప్రణయ శాస్త్రం

అనుబంధ చతుష్టయం

శాస్త్రం మొదలుపెట్టేవాడు ముందుగా నాలుగు ముక్కలు చెప్పి తీరాలని పెద్దల నియమం: విషయం ఏమిటి, ప్రయోజనం ఏమిటి, సంబంధం ఏమిటి, చదవడానికి అధికారి ఎవరు. ఇవి చెప్పనివాడి గ్రంథాన్ని పండితుడు ముట్టడు. చెప్పినవాడి గ్రంథాన్నీ సాధారణంగా ముట్టడు గానీ, నియమం నియమమే.

విషయం: ఆకాశమంత అతి చేసే సైన్స్ ఫిక్షన్ ప్రేమ నవల. లోకం అంతం కాబోతుండగా నాయకుడు ప్రేమలో పడతాడు, లేదా అతను ప్రేమలో పడ్డందుకే లోకం అంతం కాబోతుంది. రెండింటిలో ఏది కారణం, ఏది కార్యం అన్నది రచయితకే తేలలేదు కనుక వ్యాఖ్యాతలు తేల్చనక్కర్లేదు.

ప్రయోజనం: పురుషార్థాల్లో కామం పాఠకుడికి నేరుగా సిద్ధిస్తుంది. అర్థం పబ్లిషరుకూ, అద్దె పుస్తకాల కొట్టువాడికీ సిద్ధిస్తుంది. విలన్ శాస్త్రవేత్త తను చేసిన మిషన్‌లో తనే కాలిపోయినప్పుడు ధర్మం. తెల్లవారుజామున మూడింటికి పుస్తకం మూసినప్పుడు మోక్షం.

సంబంధం: పుస్తకానికీ పాఠకుడికీ ఉన్న సంబంధం రోజు అద్దె. రెండో రోజుకు పోతే బంధం గట్టిపడుతుంది, అద్దె కూడా పెరుగుతుంది.

అధికారి: గుంటూరు నుంచి చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి మీదుగా ఒంగోలు దాకా పరుచుకున్న నల్లరేగడి మీద పత్తి, మిరప పండించే వారూ, వారి ఇళ్లలోవారూ. వీరే ఎందుకన్నది సిద్ధాంత ప్రకరణంలో తేలుతుంది. ఇక్కడే చెప్పేస్తే శాస్త్రం ఒక పేజీలో అయిపోయి గౌరవం పోతుంది.

వంశ ప్రకరణం

ఈ జాతి నవల సముద్రాలు దాటి వచ్చిందని ఒక వాదం ఉంది. ఆ వాదులు చూపించే మూలపురుషుడు అమెరికా రచయిత ఎడ్గార్ రైస్ బరోస్. 1912లో ఆయన ఒక పత్రికలో సీరియల్‌గా రాసిన కథ తర్వాత ‘ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్’ అనే పుస్తకమైంది. జాన్ కార్టర్ అనే మాజీ సైనికుడు అరిజోనాలో ఒక గుహలో పడిపోయి, లేచేసరికి అంగారకుడి మీద ఉంటాడు. రాకెట్టు లేదు, ఇంధనం లేదు, కనీసం టిక్కెట్టు లేదు. అక్కడి రాకుమారి డేజా థోరిస్‌ని ప్రేమించి పెళ్లాడతాడు. కొన్నాళ్లకు ఆవిడ గుడ్డు పెడుతుంది.

ఈ గుడ్డు దగ్గర ఆగిపోయే పాఠకుడు ఇంకెక్కడైనా ఉంటాడేమో గానీ మన దగ్గర ఉండడు. కద్రువ, వినత గుడ్లు పెట్టినవాళ్లే. తొందరపడి ఒక గుడ్డు చిదిపినందుకు వినతకు అనూరుడు సగం దేహంతో పుట్టాడని విని, “అయ్యో, ఇంకొన్నాళ్లు ఆగాల్సింది” అని బాధపడ్డామే తప్ప, గుడ్డేమిటని ఎవరం అడగలేదు.

పరలోకపు వారితో ప్రేమ వ్యవహారాలూ మనకు కొత్త కావు. దమయంతి స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు అచ్చం నలుడిలాగే వచ్చి కూర్చున్నారు. ఐదుగురు నలుల్లో అసలువాణ్ణి ఆవిడ ఎలా పట్టుకుంది? రెప్ప వేయనివాడు, చెమట పట్టనివాడు, పాదం నేలకు ఆననివాడు పరాయివాడు. చెమట కారుతున్నవాడు మనవాడు. అన్యగ్రహవాసిని గుర్తించే పరీక్షను ఇంత పకడ్బందీగా తర్వాతి రచయితలెవరూ చెప్పలేదు. స్వయంవరాన్ని మే నెలలో రెంటచింతలలో పెట్టి ఉంటే అర నిమిషంలో తేలేది. ఈ కథనే శృంగార నైషధంగా తెలుగు చేసిన శ్రీనాథుడు కొండవీటి కొలువులో విద్యాధికారి కావడం యాదృచ్ఛికమని మేము ఒప్పుకోం.

పదహారో శతాబ్దంలో పింగళి సూరన ఇంకో మెట్టెక్కాడు. కళాపూర్ణోదయంలో భూమ్మీద ముందుముందు జరగబోయే ప్రేమకథను బ్రహ్మ సరస్వతికి ముందే చెప్పేస్తాడు. పాత్రలు ఆ తర్వాత పుట్టి ఆ కథలో ఇరుక్కుంటాయి. ఒక పసిపాప నోరు తెరిచి పూర్వజన్మ వృత్తాంతం అప్పజెబుతుంది. టైమ్ మిషన్ లేకుండానే కాలాన్ని ఇన్ని ముళ్లు వేసినవాడికి మిషన్ కూడా ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవాల్సిందే.

ఆధునిక శాఖ తెనాలిలో వేరు పట్టింది. అక్కడ 1909లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా ‘చందమామ’ను నడిపాడు. అంతటి హేతువాదీ ‘గ్రహశకలం’ అని సైన్స్ ఫిక్షన్ రాయకుండా ఉండలేకపోయాడు. ఆ చందమామలోనే దాసరి సుబ్రహ్మణ్యం తోకచుక్క, మకరదేవత, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం లాంటి సీరియళ్లు రాశాడు. వాటి మీద ఆయన పేరు ఉండేది కాదు. పిల్లలకు రచయిత పేరుతో పని లేదు, వచ్చే నెలతోనే పని.

ఆ పిల్లలు పెద్దయ్యేసరికి వారపత్రికలూ, ఎమెస్కో పాకెట్ పుస్తకాలూ సిద్ధంగా ఉన్నాయి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ప్రేమలో అహంకారం ఎన్ని పేజీలు నిలబడగలదో నేర్పింది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ అధ్యాయం ఎక్కడ తెంచాలో నేర్పాడు. యండమూరి వీరేంద్రనాథ్ ‘చీకట్లో సూర్యుడు’, ‘యుగాంతం’ వచ్చేనాటికి, లోకం మునిగిపోతున్నా ముందు ప్రేమ సంగతి తేల్చమనే పాఠకలోకం ఒకటి తయారైంది. మల్లాది వెంకట కృష్ణమూర్తి ‘నత్తలొస్తున్నాయి జాగ్రత్త’ అన్నప్పుడు మటుకు, శనగపచ్చ పురుగుతోనూ తెల్లదోమతోనూ తలపడుతున్న పత్తి రైతు “నత్తలేగా, రానీ” అని ఉంటాడని మా అనుమానం.

ఈ వంశానికి వెండితెర బంధువు 1991 నాటి ఆదిత్య 369. సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో ప్రేమజంట ఒక ప్రొఫెసర్ గారి టైమ్ మిషన్‌లో శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పోతుంది. అక్కడ తెనాలి రామకృష్ణుణ్ణి చూస్తుంది, ఆపైన 2504వ సంవత్సరంలో తేలుతుంది. రాయలు 1515లో కొండవీడును పట్టుకున్నాడు. మిషన్ గురి కొంచెం తప్పి ఉంటే ఆ జంట కొలువులో కాక కోట ముట్టడి నడుమ దిగేది. కానీ ప్రేమికులు ఎక్కిన యంత్రం నాట్యం జరిగే చోటే దిగుతుంది. ఇది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం.

లక్షణ ప్రకరణం

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి ముఖ్యంగా రెండు చూస్తాడు: రంగు, కారం. తేజకు కారం ఎక్కువ. బ్యాడిగికి రంగు ఎక్కువ, కారం తక్కువ. లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన 334కు రెండూ ఓ మాదిరి. మన నవలల వర్గీకరణకు ఇంతకు మించిన పద్ధతి అక్కర్లేదు. సైన్సు రంగు, ప్రేమ కారం.

తేజ జాతి నవలలో తాము అంతరిక్ష నౌకలో ఉన్నామన్న సంగతి పాత్రలకు నాలుగు అధ్యాయాలకోసారి గుర్తొస్తుంది. అదీ తలుపు తీసుకుని అలిగి వెళ్లిపోవడానికి వీల్లేదని తెలిసినప్పుడు. బ్యాడిగి జాతిలో ప్రతి పేజీకీ లేజరు కిరణాలు, బుడగలొచ్చే నీలిరంగు ద్రవాలు, వాటంతటవే వెలిగే ఎర్రదీపాలు ఉంటాయి. ప్రేమ మాత్రం కరచాలనం దాటదు. 334 జాతిలో నాయకుడు ఒక చేత్తో నాయికను పొదివి పట్టుకుని, రెండో చేత్తో అణు విస్ఫోటాన్ని ఆపుతాడు. అధికారులు ఎక్కువగా కోరేది దీన్నే.

మూడు జాతులకూ సమానమైన లక్షణాలు కొన్ని. నాయకుడు శాస్త్రవేత్త, ప్రయోగశాలలో ఏ పూటా పని చేసినట్టు కనపడడు. అతని ఫార్ములా ఎప్పుడూ ఒక్కటే కాగితం మీద ఉంటుంది, దానికి కార్బన్ కాపీ ఉండదు. నాయిక ప్రొఫెసర్ గారి కూతురైనా అయి ఉండాలి, ఇంకో గ్రహం పిల్లయినా అయి ఉండాలి. ఇంకో గ్రహం పిల్లయితే ప్రేమంటే ఏమిటో ఆవిడకు తెలియదు. పన్నెండో అధ్యాయానికల్లా మనకన్నా బాగా తెలుస్తుంది. విలన్‌కు గడ్డం. లోకాన్ని నాశనం చేసే ముందు అతను కచ్చితంగా గడువు ఇస్తాడు. అప్పు ఇచ్చినవాళ్లు కూడా ఇవ్వనంత గడువు.

ఇక కొలమానం. కారాన్ని కొలిచే పద్ధతిని అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు కనిపెట్టింది కూడా 1912లోనే, జాన్ కార్టర్ అంగారకుడి మీద పడ్డ ఏడే. మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్ల నాలుకకు ఎక్కడ మంట తెలియకుండా పోతుందో అక్కడ లెక్క కడతారు. మేము ఇదే పద్ధతిని నవలకు వాడమంటున్నాం. ఒక అధ్యాయం నవలకు ఒక పేజీ వ్యవసాయ కరపత్రం కలిపి చదవాలి. ఇంకా గుండె దడదడలాడుతుంటే మరో పేజీ కలపాలి. ఎన్ని పేజీల సమగ్ర సస్యరక్షణ కలిపితే నాయిక ఏడుపు పాఠకుణ్ణి కదిలించదో, అన్ని డిగ్రీలు ఆ నవల అతిమానం.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. కరపత్రంలో లింగాకర్షక బుట్టల పేజీ వస్తుంది. ఆడ రెక్కలపురుగు వాసనను పోలిన ఎర పెట్టి బుట్ట వేలాడదీస్తే, మగపురుగు రాత్రంతా వెతుక్కుంటూ వచ్చి అందులో పడుతుంది. లోపల ప్రేయసి లేదు, రబ్బరు ముక్క ఉంది. ఇది చదివాక నవల కారం తగ్గకపోగా కరపత్రానికే కారం ఎక్కుతుంది. పరిశోధకులు ఆ పేజీ చింపేసి ప్రయోగం చేయాలి.

దోష ప్రకరణం

మమ్మటుడు కావ్యప్రకాశంలో దోషాల కోసం ఒక ఉల్లాసాన్నే కేటాయించాడు. ఆయన ఈ నవలలు చూడలేదు కనుక ఒక్కటితో సరిపెట్టగలిగాడు. మేము ముఖ్యమైనవి మాత్రం చెబుతాం.

శబ్ద దోషం: శూన్యంలో నౌక పేలి ‘ఢాం’మంటుంది. గాలి లేనిచోట శబ్దం ప్రయాణించదు. ఈ దోషం హాలీవుడ్‌లోనూ ఉంది కనుక అంతర్జాతీయ దోషంగా గౌరవించి వదిలేద్దాం.

దూర దోషం: అంగారకుడి మీద ఉన్న ప్రేయసితో నాయకుడు టెలిఫోనులో ముచ్చటిస్తాడు. రెండు గ్రహాలూ బాగా ఎడమైనప్పుడు రేడియో తరంగం ఒకవైపు చేరడానికే 22 నిమిషాలు పడుతుంది. “నేనంటే ఇష్టమేనా?” అని అడిగినవాడు జవాబు కోసం ముప్పావుగంట కూర్చోవాలి. “ఏంటీ, సరిగా వినపడలేదు” అని జవాబొస్తే ఇంకో ముప్పావుగంట. పక్క నక్షత్రానికి పోవడమంటే ఇంకా దూరం. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం 4.24 కాంతి సంవత్సరాల అవతల ఉంది. 1977లో బయల్దేరి సెకనుకు 17 కిలోమీటర్ల చొప్పున పోతున్న వాయేజర్ 1 వేగంతో అక్కడికి చేరాలంటే 70,000 ఏళ్లకు పైనే పడుతుంది. నవలలో ఇదే దూరం రెండు అధ్యాయాల మధ్య మూడు చుక్కలతో అయిపోతుంది.

అశ్రు దోషం: నౌకలో నాయిక ఏడుస్తుంది, కన్నీళ్లు చెంపల మీదుగా జారతాయి, నాయకుడు తుడుస్తాడు. భారరహిత స్థితిలో కన్నీరు జారదు. కంటికే అంటుకుని నీటి బుడగలా పేరుకుంటుంది. కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ 2013లో అంతరిక్ష కేంద్రం నుంచి ఈ సంగతి చేసి చూపించాడు. వాలుజడ కూడా అక్కడ వాలదు. ఇంతకీ ఈ దోషం మన ప్రాంతంలో పట్టుబడటం కష్టం. జనవరి నుంచి మార్చి దాకా కళ్లాల్లో మిరపకాయ ఆరుతున్న ఊళ్లో పాఠకుడి కంట్లో నీళ్లు తిరిగితే అది నాయిక మరణం వల్లనా, మిరప ఘాటు వల్లనా అని తేల్చే పరికరం ఇంకా రాలేదు.

జాతి దోషం: ఇంకో గ్రహం పిల్లకూ మన పిల్లవాడికీ సంతానం ఎలా కలుగుతుందని జీవశాస్త్రం అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. పక్కపక్క చేలల్లో పూసే మిరపకూ పత్తికీ సంకరం కుదరదు, వేరే నక్షత్రం వాళ్లకు ఎలా కుదురుతుంది? కానీ ఇదే నేల మీద నిలబడి ఈ ప్రశ్న అడిగేవాడు కాస్త తగ్గి అడగాలి. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిలో బతికే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. ఎక్కడి బాక్టీరియా, ఎక్కడి పత్తి! జాతకాలు చూడలేదు, కులగోత్రాలు అడగలేదు. ఆ కాపురాన్ని చెడగొట్టడానికి గులాబీరంగు పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం నేర్చుకుని మళ్లీ వచ్చింది. చచ్చాడనుకున్న విలన్ రెండో భాగంలో లేచి రావడం అసహజమని ఇక ఎవరూ అనకూడదు.

భాషా దోషం: గ్రహాంతరవాసులు తెలుగు మాట్లాడటం. ఒక్క యాస లేకుండా, విజయవాడ రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడటం. దీనికి సమాధానం మా దగ్గర లేదు.

పుటలోప దోషం: అద్దె పుస్తకానికి చివరి పేజీలు ఉండవు. రచయిత చేయని ఈ దోషం వల్ల ఒకే నవలకు వేటపాలెంలో ఒక ముగింపు, మార్టూరులో ఇంకో ముగింపు ప్రచారంలో ఉండే ప్రమాదం ఉంది. 1918 నుంచి పాత పత్రికలను సైతం పోగేసి కాపాడుతున్న సారస్వత నికేతనం వేటపాలెంలోనే ఉంది కనుక, అక్కడి పాఠం ప్రామాణికమని మా పక్షపాతం.

పూర్వపక్షం, సిద్ధాంతం

పూర్వపక్షి సాధారణంగా ఫిజిక్సు మాస్టారై ఉంటాడు. అతనికీ, అద్దె పుస్తకాల కొట్టు నడిపే పెద్దావిడకూ జరిగే వాదం ఈ విధంగా ఉంటుంది.

“ఏందమ్మా ఇది? గాలే లేనిచోట బాంబు ఢామ్మన్నదంట! ఎట్టా వినపడుద్ది?”

“ఆ ముక్క ఎన్నో పేజీలో ఉంది మాస్టారూ?”

“నూట పద్నాలుగు. నూట ముప్పైలో ఇంకా ఘోరం. సూర్యుడు ఆరిపోతే ఆ క్షణానే చీకటి పడిందంట. వెలుగు ఇక్కడికి రావడానికే ఎనిమిది నిమిషాలు పట్టుద్ది గదా!”

“పోనీలెండి, రెండో భాగం తెచ్చారా? మా కోడలు రెండ్రోజుల్నించి అడుగుతా ఉంది.”

“ఇంకో అరవై పేజీలున్నయ్. రేపిచ్చేస్తా. మూడో భాగం మాత్రం ఎవరికీ ఇవ్వబాకండి, నాకే.”

ఇక్కడే సిద్ధాంతం పుడుతుంది. దోషాలున్నా చదువుతున్నామని చెప్పుకునేవారు నిజం పూర్తిగా చెప్పడం లేదు. దోషాన్ని క్షమించి ఆనందించేవాడు అర్ధ రసికుడు. దోషాన్ని పేజీ నంబరుతో సహా పట్టుకోగలిగినవాడే పూర్ణ రసికుడు. శూన్యంలో శబ్దం ఉండదని తెలియనివాడికి ఆ ‘ఢాం’ ఒక్కసారే పేలుతుంది. తెలిసినవాడికి రెండుసార్లు పేలుతుంది, ఒకసారి కథలో, ఒకసారి భౌతికశాస్త్రంలో. ఆలంకారికులు ఈ దారి ఏనాడో వేశారు. చెవికి కటువైన పదం శృంగారంలో దోషం, రౌద్రంలో అదే గుణం అన్నారు. అలాంటివాటికి అనిత్య దోషాలని పేరు పెట్టారు. గ్రహాంతర ప్రణయంలో అన్ని దోషాలూ అనిత్యాలే.

యార్డు ధర్మం కూడా ఇదే చెబుతుంది. కళ్లంలో రంగు మారి తెల్లబడ్డ కాయను తాలుకాయ అంటారు. దాన్ని ఏరుతారు, మంచి కాయలో కలవనివ్వరు. అయితే పారేస్తారా? పారేయరు. తాలుకు వేరే కుప్ప, వేరే బస్తా, వేరే ధర. తక్కువే కావచ్చు, ధర మాత్రం ఉంది. తాలు తాలని తెలిసే అమ్ముతారు, తెలిసే కొంటారు. అందులో మోసం లేదు. మోసమంతా తాలును మంచి కాయలో కలిపి అమ్మినప్పుడే.

ఈ నేల పాఠకుడే ముఖ్య అధికారి కావడానికి కారణం ఇప్పుడు చెప్పాలి. ఇతను ఏటా విత్తనాల ప్యాకెట్టు చదువుతాడు. దాని మీద ఆకు కనపడకుండా కాయ కాసిన బొమ్మ ఉంటుంది. దిగుబడి ఎన్ని క్వింటాళ్లో మెత్తగా, మర్యాదగా, అంకెల్లో ఉంటుంది. ఒక్క ఆశ్చర్యార్థకం ఉండదు. దాన్ని పావలా నమ్మి, ముప్పావలా అనుమానించి, అయినా విత్తుతాడు. అంతటి కల్పనను ఎకరాల లెక్కన చదివి ఖర్చు భరించినవాడికి, రోజు అద్దెకు దొరికే అంతరిక్ష నౌక ఒక లెక్కా? ఈ నవల అట్ట మీదే రాకెట్టు, రాక్షసుడు, ఎర్రచీర కలిపి వేసి, నేను అబద్ధమని చాటింపు వేస్తుంది. మనిషిని ముంచేది పెద్ద గొంతుతో అరిచే అబద్ధం కాదు. అది తాలని పేరు రాసుకునే వస్తుంది. ముంచేది మంచి కాయ మధ్యలో కలిసి వచ్చేదే.

మరి నిజమైన అంతరిక్ష ప్రేమ ఉంది కదా, అదే చదువుకోవచ్చు కదా అని చివరి ఆక్షేపణ. చదువుకుందాం. 1963 జూన్‌లో అంతరిక్షంలోకి పోయిన తొలి మహిళ వాలెంటినా తెరిష్కోవా, అంతకు ముందు ఏడే పోయివచ్చిన ఆండ్రియన్ నికొలాయెవ్‌ని నవంబరులో పెళ్లాడింది. ఇంతకన్నా మంచి ఆరంభం ఏ నవలకూ లేదు. 1982లో విడాకులు తీసుకున్నారు. 1992 సెప్టెంబరులో ఎండీవర్ నౌకలో జాన్ డేవిస్, ఆవిడ భర్త మార్క్ లీ కలిసి వెళ్లారు. పెళ్లయిన జంట ఒకే నౌకలో పోవడం అదే మొదలు. నాసా ఇద్దరినీ చెరో షిఫ్టులో వేసింది. ఆయన డ్యూటీ దిగితే ఆవిడ డ్యూటీ ఎక్కేది. విశ్వమంతా కిటికీ అవతల వెన్నెల కాస్తుంటే లోపల ఒకరు పని, ఒకరు నిద్ర. వాస్తవం పత్రికలకు ఇచ్చింది ఇంతే. ఆ ఇద్దరినీ ఒకే షిఫ్టులో వేయడానికే నవల పుట్టింది. అందుకు భౌతికశాస్త్రంలో నాలుగు సూత్రాలు అడ్డొస్తే, పక్కకు జరగాల్సింది సూత్రాలే.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని శ్రద్ధగా చదివినవారికి సీరియల్‌లో ఒక వారం కూడా తప్పిపోదు. విన్నవారికి మూడో భాగం మాస్టారికన్నా ముందే దొరుకుతుంది. ఇతరులకు చెప్పినవారిని ఇంట్లోవాళ్లు దీపం ఆర్పమని కసరరు. ఏదీ నమ్మక కేవలం దోషాల కోసం వెతికినవారికి మిగతావారికన్నా రెట్టింపు ఫలం. వారు ఒప్పుకోకపోయినా సరే. తప్పులు పట్టడానికని నవలలో పెన్సిలు గీతలు గీసినవారికి మాత్రం ఫలం సగమే. మిగతా సగం ఆ గీతల కోసమే అదే ప్రతిని అడిగి తీసుకుపోయే తర్వాతి పాఠకుడికి చెందుతుంది.